కన్ను వాచింది, ముక్కు చూపించండి

అందరికీ నమస్కారం. సైనస్‌లో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో, పడిన ఫంగస్ కంటిని ఎలా దెబ్బతీస్తుందో ఇవాళ చెబుతాను. కంటి గురించి చెప్పడానికి చెవి-ముక్కు-గొంతు డాక్టరు వచ్చాడేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. ఒకసారి చూపుడువేలితో కంటి లోపలి మూల, ముక్కు పక్కన తడిమి చూడండి. అక్కడినుంచి వెనక్కి, సైనస్‌కూ కంటికీ మధ్య ఒక ఎముక గోడ ఉంటుంది. శరీరశాస్త్రంలో దానికి లాటిన్‌లో పెట్టిన పేరే ‘కాగితపు పొర’. అంత పల్చన. పైగా నరాలూ రక్తనాళాలూ దూరే కన్నాలు కూడా దానికి ఉన్నాయి. సైనస్‌లో పడిన ఫంగస్ కంటిలోకి దూరేది ఇటునుంచే.

ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉండేవే. ఈ హాల్లో ఇప్పుడూ పీలుస్తున్నాం, మనకేమీ కాదు. షుగరు బాగా అదుపు తప్పినవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లకు మాత్రం అదే గాలి ప్రమాదం. మ్యూకర్ రకం ఫంగస్ రక్తనాళాల గోడల్లోకి చొరబడుతుంది. లోపల రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని మాంసం చచ్చి నల్లబడుతుంది. ఆ నలుపు ఫంగస్ రంగు కాదండీ. ‘బ్లాక్ ఫంగస్’ అన్న పేరు చేసిన చెరుపు ఇక్కడే ఉంది, నల్లగా ఏమీ లేదు కదా అని ఇంట్లో కూర్చుంటారు. తొలిరోజుల్లో ఎండోస్కోపు అనే సన్నని గొట్టంతో ముక్కులోకి చూస్తే లోపలి పొర పాలిపోయి ఉంటుంది. పరికరంతో తాకినా నొప్పి తెలియదు, నెత్తురు రాదు. నలుపు కంటే ఆ పాలిపోయిన ముక్కను చూస్తేనే నాకు ఎక్కువ భయం.

పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇచ్చినట్టు చెంప మొద్దుబారడం, మెట్లు రెండేసి కనిపించడం, ఒక రెప్ప వాలిపోవడం: షుగరున్న మనిషికి వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. ముక్కులోంచి చిన్న ముక్క తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ పోగులు అదే రోజు కనిపించవచ్చు. చచ్చిన మాంసం తీసేయాలి, ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించాలి, షుగరు దించాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే లాభం లేదు.

అన్ని ఫంగస్‌లూ ఇంత క్రూరమైనవి కావు. అలర్జీ రకంలో సైనస్ నిండా బంకలాంటి చీమిడి పేరుకుని, నెలలూ ఏళ్ల తరబడి కనుగుడ్డును మెల్లగా బయటికి నెడుతుంది. దానికి ఆపరేషన్ చేసి స్టెరాయిడ్ ఇస్తాం. చొచ్చుకుపోయే రకానికి అదే స్టెరాయిడ్ నిప్పులో నెయ్యి. చిక్కంతా ఇక్కడే. ముక్కు వెనక, తల మధ్యలో ఉండే స్ఫినాయిడ్ సైనస్‌లో ఫంగస్ పడితే ముక్కు కారకపోవచ్చు, కన్ను ఎర్రబడకపోవచ్చు. పక్కనే ఉన్న కంటి నరం దెబ్బతిని చూపు మాత్రం తగ్గుతుంది. నరం వాపనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే కొందరికి మొదట కాస్త తేరుకున్నట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా దిగజారుతుంది. అందుకే షుగరున్నవాళ్లకు, పెద్దవయసువాళ్లకు, స్టెరాయిడ్‌కు ముందు సైనస్‌లు కూడా స్కాన్‌లో చూశారా అని అడగండి. ఏ మంచి డాక్టరూ ఆ ప్రశ్నకు కోప్పడడు.

పోయిన చూపు తిరిగొస్తుందా అని అడుగుతారు. అలర్జీ రకంలో నరం మీద ఒత్తిడి తొందరగా తీసేస్తే చాలామందికి ఎంతోకొంత వస్తుంది. కంటికి రక్తం తెచ్చే నాళమే మూసుకుపోతే రాదు. అప్పుడు మా ప్రయత్నమంతా ఫంగస్ మెదడుకు ఎక్కకుండా ఆపడం మీదే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.