సెల్ఫీ ఎందుకు పెడతాం? (రాయగడలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఈమధ్య మన ఇళ్లలో పిల్లలు బాగా తింటున్న తిట్టు ఒకటుంది. "ఎప్పుడు చూడు, ఆ మొహం ఫోటో తీసుకోవడమేనా?" అని. ఇవాళ నేను పిల్లల తరఫున మాట్లాడదామని వచ్చాను.

తన ఫోటో తాను తీసుకోవాలన్న కోరిక ఇప్పటిది కాదు. 1839లోనే అమెరికాలో, ఫిలడెల్ఫియాలో, రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన ఆ పని చేశాడు. మన దాకా రావడానికే ఇన్నేళ్లు పట్టింది. మా నాయనమ్మల తరం ఆడవాళ్లకు ఉన్న ఫోటోలెన్ని? పెళ్లినాటిది ఒకటి, గ్రూప్ ఫోటోలో ఓ చివర సగం మొహం కనబడేది ఇంకొకటి. స్టూడియోకి వెళ్తే గడ్డం ఎటు తిప్పాలో, చేతులు ఎక్కడ పెట్టాలో అన్నీ ఫోటోగ్రాఫరే చెప్పేవాడు. ఇప్పుడు అదే ఇంటి మనవరాలు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఇరవై ఫోటోలు తీసుకుని, పంతొమ్మిది చెరిపేసి, ఒక్కటి ఉంచుకుంటోంది. తను ఎలా కనబడాలో తనే తేల్చుకుంటోంది. దాన్ని పొగరు అనడం అన్యాయం.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. రాయగడ, గునుపురం, పర్లాకిమిడి, జయపురం ఎక్కడైనా చూడండి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చాలామంది పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. విజయనగరంలో ఉన్న అమ్మమ్మకేమో ఒడియా రాదు. ఇక ఆ పిల్ల ఏం రాస్తుంది? సెల్ఫీ పెడుతుంది. వెనకటి ఉత్తరాల్లో "మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టేవాళ్లం కదా, ఈ ఫోటో ఆ మాటే. గంజాం నుంచి సూరత్ మరమగ్గాల పనికి వెళ్లిన కుర్రాడు డ్యూటీ దిగాక ఫోటో పెట్టాడంటే, చిక్కిపోలేదని వాళ్లమ్మ చూసుకోవాలనే. అలాంటి ఫోటోకి బొటనవేలు గుర్తు ఒకటి కొట్టి ఊరుకోకండి. "తిన్నావా నాన్నా" అని అడగండి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ తెచ్చింది. అప్పటి నుంచీ ఎంతమంది మెచ్చుకున్నారో అంకెల్లో కనబడుతోంది. పక్కింటి పిల్లకు ఎన్ని, నాకెన్ని అని టెన్షన్. ప్రాణాల మీదకి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. 2011 నుంచి 2017 దాకా ప్రపంచమంతా పత్రికల్లో వచ్చిన వార్తలు వెతికితే సెల్ఫీ తీసుకుంటూ చనిపోయినవాళ్లు 259 మంది తేలారు, అందులో ఎక్కువమంది మన దేశంవాళ్లే. వానాకాలం హాతిపథర్ దగ్గర నాగావళి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తడి బండల మీద ఫోన్ తీయొద్దు, అంతే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. "నా ముక్కు బాలేదు, నేను నల్లగా ఉన్నాను" అని ఏడ్చే ఆడపిల్లలను చూస్తున్నాను. అమ్మా, అది నీ ముక్కు తప్పు కాదు. కెమెరాను మొహానికి అడుగు దూరంలో పెడితే, ఐదడుగుల నుంచి తీసిన దానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్క కట్టారు. ఇంకొకటి, మనం రోజూ అద్దంలో చూసుకునేది కుడిఎడమలు మారిన మొహం. మనకు అదే నచ్చుతుంది, స్నేహితులకు మాత్రం ఫోటోలో పడే మన అసలు మొహమే నచ్చుతుందని 1977లోనే ఒక పరిశోధనలో తేలింది. నువ్వు చెరిపేసిన ఫోటోలోని పిల్లే నీ స్నేహితులకు ఇష్టం.

ఇక రంగు సంగతి. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ అని ఒకటి ఉంటుంది. కొన్నింటిలో మనం అడక్కుండానే పనిచేస్తూ ఉంటుంది. చామనఛాయ పిల్లను తెల్లగా చేసేస్తుంది, బుగ్గ మీద పుట్టుమచ్చను కూడా మాయం చేస్తుంది. ఆ పుట్టుమచ్చ వాళ్ల నాయనమ్మది. ఇవాళ ఇంటికెళ్లాక పిల్లలతో కూర్చుని, కెమెరా సెట్టింగ్స్ తెరిచి, దాన్ని ఆపేయండి. ఎలాగో తెలియనివాళ్లు సభ అయ్యాక ఫోన్ పట్టుకుని నా దగ్గరికి రండి, నేను ఇక్కడే ఉంటాను.