తొలి మిషన్ కొనబోయే చెల్లెళ్లకు

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, మూడు నెలలుగా ఈ మండల సమాఖ్య భవనంలో ఎంతో ఓపికతో కుట్టుపని నేర్పిన టీచరుగారికి, ఈరోజు సర్టిఫికెట్లు అందుకోబోతున్న నా చెల్లెళ్లందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి ఎంతో అభిమానంగా మాట్లాడారు, వారికి కృతజ్ఞతలు. నన్ను స్వయం ఉపాధి గురించి మాట్లాడమని పిలిచారు. అయితే మీలో చాలామంది ఈ వారంలోనో వచ్చే వారంలోనో మిషన్ కొనడానికి బజారుకు వెళ్తారని టీచరుగారు చెప్పారు కనుక, కొట్టు గడప తొక్కకముందు మీకు తెలిసి ఉండవలసిన సంగతులకే నాకిచ్చిన సమయమంతా వాడుకుంటాను.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో దర్జీపని కూడా ఉంది. అందులో పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. ఆ పథకం వర్తించినా, సంఘంలో అప్పు తీసుకున్నా, చీటీ పాడుకున్నా, మన చేతికి వచ్చేది ఒకసారే వచ్చే డబ్బు. ఆ డబ్బంతా మిషన్‌కే పెట్టేసి, కత్తెర ఇంట్లో కూరగాయల దగ్గరున్నదే వాడుకుంటూ, టేపు ఎవరో ఇచ్చిన పాతదే సరిపెట్టుకుంటూ పని మొదలుపెట్టిన వాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకే చిన్న సామానుతో మొదలుపెడుతున్నాను.

దయచేసి అందరూ ఇప్పుడే మీ సంచుల్లోంచి టేపులు తీయండి. ముందు వరుసలో ఉన్న ఇనుప స్కేలు ఒకరి తర్వాత ఒకరు అందుకొని, టేపులోని మొదటి పన్నెండు అంగుళాలను దాని పక్కన పెట్టి చూడండి. గుడ్డ టేపు వాడకంలో సాగుతుంది, అందులోనూ మనం రోజూ పట్టుకొని లాగే మొదటి భాగం ఎక్కువగా సాగుతుంది. సాగిన టేపుతో 36 అంగుళాల ఛాతీ కొలిస్తే అంతకంటే తక్కువే చూపిస్తుంది. ఆ కొలత రాసుకొని వచ్చి, స్కేలుతో గీసి కత్తిరిస్తే జాకెట్టు బిగుతుగా వస్తుంది, మాట మాత్రం కుట్టిన మనిషికి పడుతుంది. సాగని ఫైబర్ టేపు కొనుక్కోండి. కొన్న రోజున ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడు స్కేలుతో సరిచూసుకోండి. ఇప్పుడు తేడా కనిపించినవాళ్లు చేతులెత్తండి. చూశారా, అయిదుగురు ఉన్నారు. ఆ టేపులను ఇక కొలతలకు వాడకండి.

కత్తెర విషయంలో పిసినారితనం వద్దు. ఎనిమిది నుంచి పది అంగుళాల కత్తెర, పిడి కాస్త పైకి వంగినది తీసుకోండి. పిడి అలా వంగి ఉంటే కింది రేకు బల్లను ఆనుకొని నడుస్తుంది, గుడ్డ పైకి లేవదు, రెండు పొరలూ ఒకే గీత మీద తెగుతాయి. మీరట్ కత్తెరలు తరతరాలుగా దర్జీల చేతుల్లో ఉన్నవి, 2013లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏ ఊరి కత్తెరైనా, సానపట్టడానికి వీలుగా మరతో బిగించినదై ఉండాలి. దానితో కాగితం కోయకండి. కాగితంలో కలిపే సుద్ద, మట్టి వంటి పదార్థాలు పదునును తినేస్తాయి. పేపరు కటింగులకు వేరే చిన్న కత్తెర పెట్టుకోండి, ఇంట్లో పిల్లలకు అందేది అదే అయ్యేలా చూసుకోండి. సుద్ద ముక్క, గుండుసూదులు, కుట్టు విప్పుకునే రిప్పర్ వంటివి ఏ కొట్టులోనైనా దొరుకుతాయి, వాటి గురించి చెప్పేందుకు ఎక్కువ లేదు.

సూది గురించి మాత్రం నేను నా సొంత సంగతి చెప్పాలి. ఇది ఎన్ని సభల్లో చెప్పానో నాకే లెక్క లేదు, అయినా మళ్లీ చెబుతాను.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ రెండేళ్లు కట్టిన చీటీ ఎత్తి, నాకు మిషన్ కొనడానికి పట్నం తీసుకువెళ్లింది. కొట్టాయన మామూలు నల్ల మిషన్ వైపు మమ్మల్ని చూడనివ్వలేదు. తెల్లటి ప్లాస్టిక్ తొడుగున్న మిషన్ ముందు కూర్చోబెట్టి, ఒక చక్రం తిప్పి పూలు, ఇంకో చక్రం తిప్పి ఆకులు కుట్టి చూపించాడు. మా అమ్మ ఆ పూలు చూసి మురిసిపోయింది. మొదటి రెండు నెలలూ బాగానే కుట్టింది. తర్వాత కుట్లు వదిలేయడం మొదలైంది, కింద దారం గూడు కట్టడం మొదలైంది. మా వీధిలో ఒకమ్మాయి పెళ్లి జాకెట్టు, మెరూన్ రంగు పట్టుది, గుడ్డను ముందుకు జరిపే పళ్ల కింద ఇరుక్కొని వీపు దగ్గర చిరిగింది. మా అమ్మ ఆ గుడ్డ ఖరీదు కట్టి ఇచ్చింది. మా ఊళ్లో మిషన్లు బాగుచేసే ఆయన దాన్ని చూసి, దీని సామాను తన దగ్గర ఉండదని దండం పెట్టేశాడు. పట్నం కొట్టుకు మోసుకెళ్తే మూడు నెలలు ఉంచుకొని, మిషన్‌లో ఏ లోపమూ లేదు, అమ్మాయి చేతిలోనే ఉంది అని తిరిగి ఇచ్చారు. నేను ఆ మాట నమ్మాను. ఎనిమిది నెలలు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచి, మిరపకాయల కోతలకు వెళ్లాను.

మా పక్క వీధిలో ఒక ముసలి దర్జీ ఉండేవారు, అందరం తాతగారనే పిలిచేవాళ్లం. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి గుడ్డ తీయించి, మిషన్ జోలికి పోకుండా సూది ఒక్కటే విప్పి, దాని మొనను తన బొటనవేలి గోరు మీద మెల్లగా లాగారు. గోరు మీద సన్నటి తెల్లగీత పడింది. "ఈ సూది ఎన్నాళ్లదమ్మా?" అని అడిగారు. మిషన్‌తో వచ్చిన సూదే అని చెప్పాను. సూది మార్చాలని నాకు ఎవరూ చెప్పలేదు. మొన వంగిన సూది గోరును గీరుతుంది, గుడ్డ దారాన్నీ అలాగే గీరుతుంది, కింది దారాన్ని పట్టుకొని తిరిగే షటిల్ కొక్కెం అందుకోవలసిన చోట దారం ఉచ్చును సరిగా నిలబెట్టదు. ఆయన తన జేబులోంచి కొత్త సూది తీసి వేశారు. మూడు నెలలు కొట్టులో ఉండి వచ్చిన ఆ మిషన్ గుడ్డ ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒక్క కుట్టు వదలకుండా కుట్టింది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాబట్టి చెల్లెళ్లారా, సూది ప్యాకెట్టు మీది అంకెలు చదవడం నేర్చుకోండి. 90/14 అని ఉంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లని అర్థం. గీత తర్వాతి అంకె సూది నంబరు. రూబియా వాయిల్ వంటి పలుచని గుడ్డకు 11, మామూలు నూలు గుడ్డకు 14, జీన్స్‌కు 16 లేదా 18 వాడండి. సూదికి ఒకవైపు పొడవైన గాడి ఉంటుంది, అది దారం లోపలికి వచ్చే వైపు ఉండాలి, తల దగ్గరి చదును భాగం దానికి ఎదురుగా ఉండాలి. ఎనిమిది గంటలు కుట్టిన సూదిని గోరు మీద లాగి చూడండి, గీరితే పారేయండి.

ఇక మిషన్. ఇంట్లో జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టాలనుకునేవాళ్లకు తిన్నగా ఒక్క కుట్టు మాత్రమే వేసే నల్ల ఇనుప మిషన్, కాలితో తొక్కే స్టాండుతో, చాలు అని నా గట్టి అభిప్రాయం. కరెంటు పోయినా అది ఆగదు, మోటారు కావాలంటే తర్వాత బిగించుకోవచ్చు. లూధియానా వంటి చోట్ల తయారయ్యే ఈ రకం మిషన్ల బాబిన్లు, అంటే కింది దారం చుట్టే చిన్న చుట్టలు, షటిళ్లు, సూదులు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. మా అమ్మ కొన్న మిషన్‌లో కొన్నాళ్లకు లోపల ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగింది, అది ఎక్కడా దొరకలేదు, దానితో దాని పని అయిపోయింది. వంకర కుట్టు జిగ్‌జాగ్, గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ పని వచ్చినప్పుడు ఆ ఒక్క పనీ బయట చేయించుకొని, గిరాకీ నిలబడ్డాక వేరే మిషన్ కొనుక్కోవచ్చు.

కొట్టులో వాళ్లిచ్చిన గట్టి గుడ్డ మీద కుట్టి చూడకండి. మీ ఇంటి నుంచి ఒక వాయిల్ ముక్క, నాలుగు మడతల జీన్స్ ముక్క తీసుకెళ్లండి. పళ్ల మీది పాదం ఎత్తి దారం ఎక్కించండి, అప్పుడే పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ రేకులు విడిపోయి దారం మధ్యలో కూర్చుంటుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ పది కుట్లు వేసి, గుడ్డ తిరగేసి చూడండి. కింద దారం వదులుగా గూడు కడితే సాధారణంగా పై దారం సరిగా ఎక్కలేదని, లేదా దాని బిగువు చాలలేదని అర్థం. బాబిన్ పెట్టే చిన్న డబ్బాను, అంటే బాబిన్ కేసును, దారం పట్టుకొని వేలాడదీసి మెల్లగా కుదిపితే కొంచెం జారి ఆగాలి. కిందికి దూసుకుపోకూడదు, కదలకుండా బిగుసుకుపోకూడదు. నూనె మాత్రం మిషన్ నూనె వేయండి, కొబ్బరినూనె వేస్తే చలికాలంలో గడ్డకట్టి మిషన్ బరువెక్కుతుంది.

సమయం మించిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు, క్షమించాలి. నేను ఒక పెట్టె నిండా 14 నంబరు సూదులు తెచ్చాను. భోజనాలకు వెళ్లేలోపు ఒక్కొక్కరూ ఆ కిటికీ పక్కనున్న మిషన్ దగ్గరకు రండి. అందులో ఇప్పుడున్న సూది విప్పి మీ గోరు మీద లాగి చూసి, కొత్తది మీ చేతులతో మీరే బిగించండి, నేను పక్కనే నిలబడతాను.