మాట రాని గొంతులో పాట ఎలా పలుకుతుంది?

[తెరపై: వ్యాఖ్యాత ముఖం, దగ్గరగా]

తలకు పెద్ద దెబ్బ తగిలో, మెదడులో రక్తం గడ్డకట్టో మాట పడిపోయినవాళ్లను చూసే ఉంటారు. "నీళ్లు" అన్న ఒక్క మాట కోసం ఎంతో పెనుగులాడతారు. వాళ్లలో కొందరి పక్కన కూర్చుని, చిన్నప్పటి నుంచీ తెలిసిన పాట ఎత్తుకోండి. గొంతు కలుపుతారు. పదాలతో సహా పాడేస్తారు.

ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. కుడివైపు చచ్చుబడి, మాట పోయిన ఒక మనిషి భక్తి గీతాలు మాత్రం పాడగలుగుతున్నాడని స్వీడన్‌లో 1745లోనే రాసిపెట్టారు.

[తెరపై: మెదడు బొమ్మ. ముందు ఎడమ సగం, తర్వాత రెండు సగాలూ వెలుగుతాయి]

చాలామందిలో మాటను నడిపించేది ముఖ్యంగా మెదడు ఎడమ సగం. అక్కడ దెబ్బ తగిలితే వచ్చే మాట కష్టాన్ని అఫేసియా అంటారు. తెలివి ఎక్కడికీ పోదు, చెప్పాలనుకున్నది లోపలే ఉంటుంది, బయటికి రాదు. పాటకైతే రెండు సగాలూ పనిచేస్తాయి. పైగా బాగా అలవాటైన పాటలో పదాలను ఒక్కొక్కటిగా వెతుక్కోనక్కర్లేదు, వరసలో వాటంతటవే వచ్చేస్తాయి.

ఇక్కడే చాలా కుటుంబాలు ఆశపడి, తర్వాత కుంగిపోతాయి. పాట పాడారంటే రేపు మాట్లాడేస్తారని కాదు. పాటలో ఉన్న "నీళ్లు" నోటికి వచ్చినంత మాత్రాన, దాహం వేసినప్పుడు ఆ మాట రాకపోవచ్చు. ఆ మధ్య దూరాన్ని దాటించడమే థెరపిస్టు పని.

[తెరపై: ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేస్తున్న చెయ్యి]

1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు దీనికో పద్ధతి తయారుచేశారు. పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. రోజూ అవసరమయ్యే చిన్న వాక్యాన్ని, ఒక పై స్వరం, ఒక కింది స్వరం, ఈ రెండింటితోనే రాగం తీస్తారు. ఒక్కో అక్షరానికీ ఎడమ చేత్తో తాళం. మొదట థెరపిస్టుతో కలిసి, తర్వాత సగం వాక్యం సొంతంగా, ఆ తర్వాత పూర్తిగా. మెల్లగా రాగం తగ్గించుకుంటూ మామూలు మాటలోకి తెస్తారు.

ఇందులో పనిచేసేది రాగమా, తాళమా అన్న చర్చ ఇంకా తెగలేదు. 2011లో జర్మనీలో 17 మంది రోగులతో చేసిన పరిశోధనలో రాగం కన్నా లయ, బాగా అలవాటైన పదాలే ఎక్కువ సాయపడ్డాయని తేలింది. నాకైతే ఇది ధైర్యం ఇచ్చే మాట. ఎందుకంటే పాడటం రానివాళ్లు కూడా సిగ్గుపడకుండా తాళంతో మొదలుపెట్టొచ్చు.

[తెరపై: 2011 జనవరి 8]

అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్‌కు ఆ రోజు తలలో తుపాకీ గుండు దిగింది, మెదడు ఎడమ భాగం దెబ్బతింది. హ్యూస్టన్ పునరావాస ఆసుపత్రిలో స్పీచ్ థెరపీతో పాటు మ్యూజిక్ థెరపీ కూడా చేయించారు. ఆమె మళ్లీ మాట్లాడారు, సభల్లో ప్రసంగించారు. అయినా ఏళ్లు గడిచాక కూడా అఫేసియా ఆమెను వదల్లేదు. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం ఒక్కటే చెప్పే వీడియోలను నమ్మకండి.

[తెరపై: నడక సాధన]

మెదడు దెబ్బతిని నడక తడబడేవాళ్లకు కూడా తాళంతో సాధన చేయిస్తారు. ఈ నడక విషయంలో ఆధారాలు ఇంకాస్త గట్టిగా ఉన్నాయి. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి, సరిగ్గా అదే వేగంలో తాళం వినిపిస్తారు. అడుగు దానికి కుదురుకున్నాక వేగం కొద్దికొద్దిగా పెంచుతారు. వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ, మెదడు దెబ్బతిన్నవాళ్లకు సంగీతంతో చేసే చికిత్సల మీద 2017లో ఒక సమీక్ష తెచ్చింది. అది 29 పరిశోధనలను, 775 మంది ఫలితాలను కలిపి చూసింది. ముఖ్యంగా స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఇలా లయతో చేసే సాధన నడకకు మేలు చేయొచ్చని చెప్పింది.

[తెరపై: మళ్లీ వ్యాఖ్యాత]

ఇంట్లో మీరు చేస్తుంటే ఒక్క జాగ్రత్త. రోజంతా గదిలో టీవీ మోగించడం థెరపీ కాదు. గాయపడ్డ మెదడు శబ్దానికి త్వరగా అలిసిపోతుంది. కాసేపే, ఒక్క పాటే, అదీ మీకు కాదు, వాళ్లకి ఇష్టమైనది. ముఖం చిట్లించినా, తల తిప్పేసుకున్నా ఆపేయండి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు, ఆ మనిషి రోజూ చెప్పలేక ఎక్కువగా అవస్థపడుతున్న రెండు మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. సాధన వాటితోనే మొదలుపెట్టించండి.