సూవ్లా: నిప్పుల దగ్గర రెండు గంటలు

శ్రోతలందరికీ నమస్కారం.

సైప్రస్ రాజధాని నికోసియాలో చదువుకునే రోజుల్లో నేను చూసిన మొదటి ఈస్టర్ ఆదివారం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. పొద్దున పది కాకుండానే వీధంతా పొగ. ఏ పెరట్లో చూసినా బొగ్గుల పొయ్యి, దాని చుట్టూ చేరిన బంధువులు. ఈస్టర్ ముందు ఉపవాసంతో దాదాపు 50 రోజులుగా మాంసం, పాలు, గుడ్లు ముట్టని ఇళ్లవి. ముందురోజు రాత్రి చర్చి ఆవరణలో పెద్ద మంట వేసి, అర్ధరాత్రి ప్రార్థనలో "క్రిస్తోస్ అనేస్తి", అంటే క్రీస్తు లేచాడని ఒకరికొకరు చెప్పుకుని ఇళ్లకు చేరినవాళ్లు. తెల్లారితే వాళ్లకు సూవ్లా కావాలి, అంటే పెద్ద మాంసం ముక్కల్ని చువ్వకు గుచ్చి నిప్పుల మీద నెమ్మదిగా కాల్చింది. అది లేకపోతే పండగ కానట్టే.

మా పక్కింటి తాత నన్ను గోడ మీంచి పిలిచి, ఒక కుర్చీ వేసి, నిప్పుల ముందు కూర్చోబెట్టాడు. పొడవాటి చువ్వలకు మాంసం గుచ్చి ఉంది. నాకు తెలిసిన పద్ధతి మన చీకుల బండి దగ్గర చూసిందే. అట్టముక్క అందుకుని గబగబా విసరబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, "సిగా, సిగా" అన్నాడు. నెమ్మదిగా, నెమ్మదిగా అని. ఆ రోజు మొత్తంలో ఆయన నాకు నేర్పింది ఆ రెండు మాటలే. మిగతాదంతా చూసి తెలుసుకున్నాను.

చీకు అన్న మాట పారసీకంలోని సీఖ్ నుంచి వచ్చింది. సీఖ్ అంటే చువ్వ. సూవ్లా అన్నా చువ్వే. చెప్పులు కుట్టేవాళ్ల ఆరెను లాటిన్‌లో సుబులా అంటారు, గ్రీకులో అది సూవ్లా అయింది. రెండుచోట్లా చువ్వ పేరే వంటకానికి వచ్చింది. కానీ చీకు ముక్క చిన్నది, నిప్పుకి దగ్గరగా పెట్టి విసిరితే నిమిషాల్లో అయిపోతుంది. సైప్రస్‌లో దానికి సాటి వచ్చేది సువ్లాకి, అంటే బుల్లి సూవ్లా. అసలు సూవ్లా ముక్క ఎముకతో సహా రెండు కోడిగుడ్లంత ఉంటుంది. దాన్ని విసిరి తొందరపెడితే పైన బొగ్గవుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

గ్రీసులో ఈస్టరుకి గొర్రెపిల్లను మొత్తంగా చువ్వకెక్కించి కాలుస్తారు. సైప్రస్‌వాళ్లు ముక్కలే చేస్తారు. పంది మెడ, భుజం, లేదంటే గొర్రె, లేదంటే కోడి. కాల్చే తొట్టిని ఫూకూ అంటారు. రేకుతో చేసిన పొడవాటి తొట్టి అది, రెండు చివర్లా చువ్వలు ఆనించడానికి రకరకాల ఎత్తుల్లో గాట్లు, ఒక పక్కన చువ్వల్ని తిప్పే చిన్న మోటారు. చువ్వల్ని ఆనించి కాల్చడం ఆ ప్రాంతంలో ఎంత పాతదో చెప్పాలంటే, గ్రీసు ద్వీపం సాంటొరినిలో అక్రోతిరి తవ్వకాల్లో మట్టితో చేసిన ఆనుడు దిమ్మలు దొరికాయి. క్రీస్తుపూర్వం 17వ శతాబ్దం నాటివి. చువ్వలు పెట్టేందుకు పైన గాట్లు, బొగ్గులకు గాలి తగిలేందుకు కింద రంధ్రాలు. వాటి బొమ్మ చూసినప్పుడు నాకు తాత ఫూకూయే గుర్తొచ్చింది.

1974 నుంచి సైప్రస్ ద్వీపం రెండు ముక్కలుగా ఉంది. దక్షిణాన గ్రీకు మాట్లాడేవాళ్లు, ఉత్తరాన టర్కిష్ మాట్లాడేవాళ్లు. నికోసియా నడిబొడ్డున లెద్రా వీధిలో దాటడానికి దారి తెరిచింది 2008లో. ఆ దారిన అటు నడిచి వెళ్లినా అదే బొగ్గుల వాసన. ఉత్తరాన పంది మాంసం స్థానంలో గొర్రె మాంసం వస్తుంది, అంతే తేడా. షెఫ్తాలియా అని ఒకటుంది. కైమాలో ఉల్లిపాయ, పార్స్‌లీ ఆకు కలిపి, పేగుల చుట్టూ వలలా ఉండే పల్చటి కొవ్వుపొరలో చుట్టి కాలుస్తారు. ఆ పొర కరిగి మాంసానికి నూనె పడుతుంది, విడిగా నూనె అక్కర్లేదు. అటువాళ్లు దాన్నే షెఫ్తాలి కబాబ్ అంటారు. పక్కన కాల్చుకునే జున్ను ఇటు హలూమి, అటు హెల్లిమ్. 2021లో యూరోపియన్ యూనియన్ ఆ జున్నుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు రెండు పేర్లూ కలిపే నమోదు చేసింది. నాకు ఆ సంగతి చాలా నచ్చింది.

ఇప్పుడు మన పెరటికి వద్దాం. ఫూకూ లేదు, మోటారు లేదు. అవసరమూ లేదు. నేలమీద ఇటుకల్ని రెండు వరుసలుగా పేర్చండి, మధ్యలో జానెడున్నర ఖాళీ. చువ్వలు ఆ రెండు గోడల మీద అడ్డంగా ఆనాలి. గుండ్రటి చువ్వ మాత్రం వద్దు, మీరు చువ్వ తిప్పితే ముక్క తిరగకుండా అక్కడే ఉండిపోతుంది. పలకల చువ్వో బద్దలాంటిదో కావాలి. ఇనుప కొట్లో తళతళలాడే జింకుపూత చువ్వలు ఇస్తారు, వాటిని వేడి చేస్తే వచ్చే పొగ మంచిది కాదు. పూత లేని ఇనుమో, స్టీలో అడిగి తెచ్చుకోండి.

మాంసం కొట్లో చెప్పాల్సిన మాట ఒకటుంది. మనవాళ్లు అలవాటుగా కూర ముక్కలు కొట్టేస్తారు. చిన్నవి చెయ్యొద్దని ముందే చెప్పాలి. లేత పొట్టేలు భుజం, మెడ మంచివి. భుజంలో, మెడలో కండల మధ్య గట్టి పొరలుంటాయి. వాటిలోని కొల్లాజెన్ అనే పదార్థం 70 డిగ్రీలు దాటిన వేడిలో చాలాసేపు ఉంటే జిగురుగా కరుగుతుంది, అప్పుడే ముక్క ఎముకనుంచి జారుతుంది. అదే తొడ మధ్యలోని ఒట్టి కండ అయితే రెండు గంటల్లో ఎండిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు కోడి కాళ్లతో, తొడ ఎముకతో సహా, మొదలుపెట్టడం నయం. అది గంటా గంటంపావులో అవుతుంది.

బొగ్గులు కట్టె బొగ్గులే కావాలి. తుమ్మ బొగ్గులైనా సరుగుడు బొగ్గులైనా సరే. కిరోసిన్ పోయకండి, ఆ వాసన మాంసానికి పట్టి వదలదు. కొబ్బరిపీచు, ఎండు చిప్పలు చాలు రాజుకోవడానికి. తర్వాత అరగంట పైగా ఊరుకోవాలి. మంట పోయి, నల్లటి బొగ్గు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా మాంసం దగ్గరికి రాకూడదు. నేను మన ఊరొచ్చాక మొదటిసారి ఇక్కడే తప్పు చేశాను. చుట్టాలు ఆకలితో ఉన్నారని మంట మీదే చువ్వలు పెట్టేశాను. కొవ్వు కారింది, మంట ఎగిసింది, పదిహేను నిమిషాలకు ముక్కలు నల్లబడ్డాయి. కోసి చూస్తే ఎముక దగ్గర నెత్తురు. ఆ మాంసాన్ని కుక్కర్లో ఉడికించి కూర చేశాం. ఆ మధ్యాహ్నం నాకు చాలా బాధగా గడిచింది.

నిప్పుల్ని రెండు పక్కలకూ ఎక్కువగా, చువ్వ కింద పల్చగా సర్దండి. కారే కొవ్వు నేరుగా నిప్పులో పడదు. చువ్వ ఉండే ఎత్తులో అరచెయ్యి పెట్టి లెక్కపెట్టండి. రెండు అంకెలకే చెయ్యి లాగేసుకుంటే వేడి ఎక్కువ. ఐదారు దాకా ఉంచగలిగితే సరిపోయింది. మొదట చువ్వ నిప్పుకి అడుగు ఎత్తున ఉండాలి. రెండు మూడు నిమిషాలకోసారి పావు వంతు తిప్పుతూ ఉండాలి. పొట్టేలుకి గంటన్నర నుంచి రెండు గంటలు. ఆఖరి పది పదిహేను నిమిషాలు మాత్రం రెండు గోడల మీంచీ పై ఇటుకలు తీసేసి చువ్వని జానెడుకన్నా దిగువకు తెస్తే, పైన బంగారు రంగు తేలి కరకరలాడుతుంది. ముందు కిందపెట్టి తర్వాత పైకి తీసేవాళ్లూ ఉన్నారు. తాత పద్ధతి ఇదే కాబట్టి నేనూ ఇదే చేస్తాను. కోడి విషయంలో ఎముక దగ్గర 74 డిగ్రీలు దాటాలి. కొలిచే సాధనం లేకపోతే మందమైన చోట గుచ్చి చూడండి, నీరు తేటగా రావాలి.

మసాలా సంగతి అడుగుతారని తెలుసు. అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు, ఏవీ వద్దు. ఉప్పు, నిమ్మకాయ, ఎండు ఒరెగానో ఆకు, ఇష్టమైతే కాస్త ఆలివ్ నూనె. ఉప్పు కూడా సగం కాలాక చల్లేవాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. కారం లేకుండా మాంసమా అని మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. తిన్నాక ఇంకో ముక్క అడిగింది. ఒరెగానో దొరక్కపోతే రెండు వేళ్లకు అందినంత వాము నలిపి చల్లండి. ఒరెగానో వాసనకు మూలమైన కార్వక్రాల్, వాములోని థైమాల్ దగ్గరి చుట్టాలు. అదే రుచి రాదు, కానీ ఆ ఇంటి వాసనే.

ఒక్క విషయంలో నా మాట తప్పకుండా వినండి. గదిలోగానీ, మూసిన బాల్కనీలోగానీ, గ్యారేజీలోగానీ బొగ్గులు వెలిగించకండి. పొగ లేని నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. చలికాలం కుంపటి లోపల పెట్టుకుని పడుకున్నవాళ్ల వార్తలు ఏటా వింటూనే ఉన్నాం. వంటయ్యాక నిప్పుల మీద నీళ్లు కొద్దికొద్దిగా చల్లి, పూర్తిగా చల్లారిందని చూసుకున్నాకే పిల్లల్ని అటు వదలండి.

మాంసం దించడం ఎలాగో చెప్పి ముగిస్తాను. సైప్రస్‌లో పీతా రొట్టెను మడిచి, దాంతో వేడి ముక్కల్ని పట్టుకుని, ఇంకో చేత్తో చువ్వని లాగేస్తారు. ముక్కలన్నీ పళ్లెంలో పడతాయి. కోసిన టమాటా, కీరా, ఉల్లిపాయ, నిమ్మచెక్కలు పక్కన. ముక్కల్ని పట్టిన ఆ రొట్టెకి రసం, కొవ్వు, ఉప్పు అన్నీ పడతాయి. ఆ ఈస్టర్ నాడు తాత దాన్ని చింపి సగం నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో పీతా ఉండదు, పుల్కాలు రెండు కలిపి పట్టుకుంటాం. రెండు గంటలూ చువ్వ తిప్పినవాళ్లెవరో, ఆ పుల్కాలు వాళ్లవి.

నమస్కారం.