చెవిలో మోగే ఆల్టీమీటర్: ఏది కొనాలి, ఎంత నమ్మాలి

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం అతిథి డాలస్ నుంచి. వారమంతా కోడ్ రాస్తారు, శనాదివారాలు విమానంలోంచి దూకుతారు. అక్కా, నేరుగా నా గోలకే వచ్చేస్తాను. మొన్ననే స్కైడైవింగ్‌లో ‘ఎ’ లైసెన్స్, అంటే మొదటి మెట్టు లైసెన్స్, వచ్చింది. ఆడిబుల్ కొందామని చూస్తే ఏది తీసుకోవాలో తేలడం లేదు.

అతిథి: ముందు కంగ్రాట్స్ తమ్ముడూ! వినేవాళ్ల కోసం ఒక్క ముక్క. ఆడిబుల్ అంటే హెల్మెట్‌లో చెవి పక్కన పెట్టుకునే చిన్న పరికరం. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. మనం ముందుగా పెట్టుకున్న ఎత్తు రాగానే మోగుతుంది.

హోస్ట్: చేతికి ఎత్తు చూపే ఆల్టీమీటర్ ఎలాగూ ఉంటుందిగా?

అతిథి: ఉంటుంది, ఉండాలి కూడా. కానీ బోర్లా పడుతున్నప్పుడు గంటకి 120 మైళ్ల వేగం ఉంటుంది. 1,000 అడుగులు దిగిపోవడానికి ఆరు సెకన్లు చాలు. ఎదుటివాడి చెయ్యి అందుకోవాలని తంటాలు పడుతుంటే ఆ ఆరు సెకన్లు ఎటు పోయాయో తెలియదు. ఫ్రీఫ్లై చేసేవాళ్లు, అంటే తలకిందులుగానో నిలువుగానో పడేవాళ్లు, 160 మైళ్లు దాటిపోతారు, వాళ్లకి ఇంకా తక్కువ టైమ్. అలాంటప్పుడు చెవిలో బీప్ వస్తే ఉలిక్కిపడి చేతివంక చూస్తాం. దాని పని అంతే.

హోస్ట్: మరి మోడల్స్ సంగతి? డెన్మార్క్ కంపెనీ లార్సెన్ అండ్ బ్రుస్‌గార్డ్ పేరే అందరి నోటా వింటున్నా. సోలో, క్వాట్రో, ఆప్టిమా అంటూ.

అతిథి: మేం దూకే చోట, మా డ్రాప్‌జోన్‌లో, ఎక్కువగా కనిపించేవీ వాళ్లవే. సోలోలో మూడు ఫ్రీఫాల్ అలారాలు, అంటే పారాచూట్ తెరవకముందు పడుతున్నప్పుడు మోగేవి, క్వాట్రోలో నాలుగు. ఆప్టిమా దాకా వెళ్తే ఇంకా హంగులు. అసలు నువ్వు అడగాల్సింది వేరే. ఏ ఎత్తుల్లో మోగాలి? అది తేల్చుకోకుండా షాపుకి వెళ్తే ఖరీదైనదే అంటగడతారు.

హోస్ట్: సరే, తేలుద్దాం. నేను 4,000 అడుగుల దగ్గర పారాచూట్ లాగుతాను.

అతిథి: ‘ఎ’ లైసెన్స్ వాళ్లు 3,000కి తగ్గకుండా లాగాలని అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ రూల్. నీది దానికి పైనే, బావుంది. ఇద్దరు ముగ్గురితో దూకుతున్నావనుకో, లాగే ఎత్తుకి కనీసం 1,500 అడుగుల పైన విడిపోవాలి. కాబట్టి మొదటి అలారం 5,500. అది వినగానే వెనక్కి తిరిగి ట్రాక్ చేస్తూ, అంటే గాల్లో అడ్డంగా జారుతూ, దూరంగా పోవాలి. రెండోది 4,000. మూడోది 2,500 దగ్గర పెట్టు.

హోస్ట్: మూడోది ఎందుకు? అప్పటికి పారాచూట్ తెరుచుకుని ఉంటుంది కదా.

అతిథి: తెరుచుకుంటే అది మోగదు. ఫ్రీఫాల్ వేగంలో ఉంటేనే మోగుతుంది. అంటే ఆ మూడోది వినిపించిందంటే పైన ఏమీ లేదు, కింద నేల వస్తోంది. ఇంకో 14 సెకన్లలో నేల. స్టూడెంట్లకీ ‘ఎ’ లైసెన్స్ వాళ్లకీ అదే డిసిషన్ ఆల్టిట్యూడ్, అంటే ఏం చెయ్యాలో తేల్చేసుకోవాల్సిన ఎత్తు. అప్పుడు మెయిన్ పారాచూట్ హ్యాండిల్ కోసం వెతుక్కోవడాలు లేవు, అదనంగా ఉండే రిజర్వ్ పారాచూటే లాగాలి. మొదటి రెండూ బీప్ బీప్ అంటూ పలకరిస్తాయి, ఈ చివరిది సైరన్‌లా మోత పెడుతుంది. విన్నవాళ్లు మర్చిపోరు!

హోస్ట్: అయితే మూడు అలారాలు చాలన్నమాట.

అతిథి: నీకు ఇప్పటికి చాలు. అయితే కెనపీ కింద, అంటే పారాచూట్ తెరుచుకున్నాక, మోగేవి కూడా ఉంటే మంచిదని నా అభిప్రాయం. ల్యాండింగ్ ప్యాటర్న్‌కి, అంటే దిగేముందు తిరిగే మలుపులకి, 1,000, 600, 300 అడుగుల దగ్గర టిక్‌మనేలా పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లకి గాల్లో కంటే అక్కడే ఎక్కువ టెన్షన్. చూపు నేల మీదా, తోటివాళ్ల పారాచూట్ల మీదా ఉండాలి, మాటిమాటికీ చేతివంక కాదు.

హోస్ట్: సౌండ్ సరిపోతుందా? నాది ఓపెన్ ఫేస్ హెల్మెట్.

అతిథి: అదే అడుగుతావనుకున్నా. ఫుల్ ఫేస్ కంటే దాన్లో గాలి హోరు ఎక్కువ. స్పీకర్ చెవికి దగ్గరగా, చెవివైపు తిరిగి ఉందా లేదా అనేది మోడల్ కంటే ముఖ్యం. నీ హెల్మెట్ తీసుకెళ్లి లోపలి జేబులో పెట్టి చూడు, కదలకూడదు. కొందరు రెండు చెవులకీ రెండు పెట్టుకుంటారు. నువ్వు ఒకదానితో మొదలుపెట్టు. ఇంకో సంగతి, బటన్లు. విమానంలో 20 మంది ఇరుక్కుని కూర్చుని ఉంటారు, చేతులకి గ్లౌజులు, ప్లాన్ మారింది, అలారం మార్చాలి. ఆ మెనూ నీకు అర్థమైతే కొను, కాకపోతే వద్దు. అడుగులా మీటర్లా అన్నది కూడా చూసుకో. యూరప్‌లో వాడినది సెకండ్‌హ్యాండ్‌లో కొంటే మీటర్లలో ఉండొచ్చు.

హోస్ట్: సెకండ్‌హ్యాండ్ పర్లేదా?

అతిథి: పర్లేదు, తెలిసినవాళ్ల దగ్గరైతే. బ్యాటరీ మాత్రం కొత్తది పెట్టు. కానీ తమ్ముడూ, కొత్తదైనా పాతదైనా దాని మీదే ఆధారపడొద్దు. కుక్కర్ విజిల్ వస్తుందిలే అని టీవీ ముందు కూర్చున్నాం అనుకో, వెయిట్ సరిగ్గా పడకపోతే మాడిన వాసన వచ్చేదాకా తెలియదు. బీప్ కోసం ఎదురుచూస్తూ పడేవాళ్లు అచ్చం అలాంటివాళ్లే. కొందరికి టెన్షన్‌లో అసలు వినపడదు, చెవి మూసుకుపోయినట్టవుతుంది. అందుకే చాలా స్కూళ్లు మొదట్లో ఆడిబుల్ ఇవ్వవు, కళ్లతో చూసే అలవాటు పడాలని.

హోస్ట్: చేతిది కూడా తప్పు చూపిస్తుందంటారు కదా?

అతిథి: చూపిస్తుంది. వెల్లకిలా పడుతున్నప్పుడు చెయ్యి మన ఒంటిపైన ఉండే గాలి సుడిలో పడితే కొన్ని వందల అడుగుల తేడా రావచ్చు. అందుకే రెండూ ఉండాలి. రిజర్వ్‌ని తనంతట తానే తెరిచే ఏఏడీ వేరే, దాన్ని ఈ లెక్కలో కలపకు. అది స్పృహలేనివాడి కోసం.

హోస్ట్: సరే అక్కా, శనివారం కొత్తదానితో దూకేస్తా.

అతిథి: ఒంటరిగా దూకు, ఎవరితోనూ ఫార్మేషన్ పెట్టుకోకు. మొదటి బీప్ రాగానే చేతివంక చూడు, 5,500 దగ్గరలో ఉందా?

హోస్ట్: అసలు మోగకపోతే?

అతిథి: చేతిది చూసి 4,000కి లాగేస్తావు. దిగాక బ్యాటరీ చూస్తావు.