పట్టా ఎవరి పేరున ఉంటే ఓటు వారిది

పెద్దలకూ, ఎండలో పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువాలు అయ్యేసరికి నాకు పది నిమిషాలు మిగిలాయి. సూటిగా వచ్చేస్తాను.

ఆడవాళ్లకు ఓటు తెల్లదొరలు ఇచ్చిపోయారని ఇప్పటికీ అంటుంటారు. కాదండీ! 1917 మేలో అడయారులో మార్గరెట్ కజిన్స్, డొరోతీ జినరాజదాస, అనీబిసెంట్ కలిసి విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. కజిన్స్ ఐర్లండావిడ, ఓటు కోసం జైలుకెళ్లొచ్చిన మనిషి. భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు మద్రాసు వస్తున్నాడని, ఆడపిల్లల చదువు గురించి విన్నవించుకుంటామని అడిగారు. రాజకీయ విషయమైతేనే వింటామన్నారు. సరే, అయితే ఓటే అడుగుదామని అర్జీలో ఆ ముక్క చేర్చారు! డిసెంబరు 18న సరోజినీ నాయుడు ముందుండి ఆ అర్జీ ఇచ్చారు.

ఓటు ఎవరికివ్వాలో చూడడానికి తర్వాత వచ్చిన సౌత్‌బరో కమిటీ కుదరదంది. 1919 భారత ప్రభుత్వ చట్టం తేల్చకుండా, మీ మీ శాసనమండళ్లే తీర్మానించుకోండని తప్పుకుంది. 1921 ఏప్రిల్ 1న మద్రాసు మండలి అందరికంటే ముందు తీర్మానించింది. సర్కారు జిల్లాలు, సీమ అప్పుడు మద్రాసులోనివే. తెలంగాణ నిజాం ఏలుబడి, అక్కడ ఇది చెల్లలేదు.

నా గొడవంతా ఇక్కడే. అప్పట్లో ఓటుకు ఆస్తి ఉండాలి, శిస్తు కట్టాలి. కట్టేది ఇంటాయన, పట్టా ఆయన పేరున. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన ఆవిడ పేరు ఏ కాగితంలోనూ లేదు. మరి ఆవిడకు వచ్చిందేమిటి? చెప్పండి!

1926లో మంగళూరు నుంచి నిలబడి కొద్దిలో ఓడిన కమలాదేవి చట్టోపాధ్యాయ గురించీ, మరుసటేడు మండలి ఉపాధ్యక్షురాలైన ముత్తులక్ష్మీ రెడ్డి గురించీ చెప్పాలనుకున్నాను. టైము లేదు. ఈ పేరు సంగతి వదలబుద్ధి కావడం లేదు.

స్వతంత్రం వచ్చాక, తొలి సాధారణ ఎన్నికల జాబితాలోంచి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు పోయారు. ఎక్కువగా ఉత్తరాదిలో. సొంత పేరు చెప్పక, ఫలానావారి భార్యననీ, ఫలానావారి కూతురిననీ రాయించుకున్నందుకు!

ఇప్పుడు మన ఊళ్లో జరిగేది వినండి. పెళ్లై అత్తారింటికి వచ్చిన అమ్మాయి చేత ఫారం 6 నింపిస్తున్నారు. అది కొత్త ఓటరుకు. పుట్టింట్లో పేరు అలాగే ఉండి, రెండు చోట్లా తేలుతుంది. తీసేసేటప్పుడు ఏది పోతుందో ఎవరి చేతిలోనూ లేదు. చిరునామా మార్పుకు నింపాల్సింది ఫారం 8. పాత ఓటరు కార్డు నంబరు వేయండి, కొత్త ఇంటి రుజువు జతచేయండి, బీఎల్ఓ, అంటే మీ బూత్ స్థాయి అధికారి, వచ్చినప్పుడు ఇంట్లో ఉండండి. నామినేషన్ల చివరి రోజు దాటితే జాబితా ముట్టుకోరు.

అమ్మా, వెనక కూర్చున్నవాళ్లు, కార్డులు తెచ్చారా? ఫారాలు బల్ల మీద ఉన్నాయి.