డబ్బా మీద పేరు: జర్మనీ వెళ్లే బ్రహ్మపురం పిల్లలకు

అందరికీ నమస్కారం. జర్మనీలో సీటొచ్చినవాళ్లు, వీసా కోసం చూస్తున్నవాళ్లు, పంపడమా మానడమా అని ఎటూ తేల్చుకోలేని అమ్మానాన్నలు ఇక్కడ ఉన్నారు. వీసా సంగతి చెప్పడానికి ఏజెంట్లు వీధికొకరున్నారు. దిగాక ఆ ఊరు మనదెలా అవుతుందో చెప్పేవాళ్లే తక్కువ.

బ్రహ్మపురానికి ఇది కొత్త విద్యేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ తరవాత కూడా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా నడుస్తూనే ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, తెలుగు నేల నుంచి పట్టు నేయడానికి వచ్చిన డేరా అనే నేతకులంవాళ్ల కుటుంబాలున్నాయి. రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికని వచ్చేది వాళ్ల దేశిబెహరా వీధికే. వలస వచ్చినవాళ్లు ఊరి పండగకి ఇంటివాళ్లయ్యారంటే, పండగ పని నెత్తినేసుకోబట్టే.

ముందు కాగితాలు చూద్దాం. గదిలో దిగిన రెండు వారాల్లోగా అక్కడి పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టు, ఫారంతో పాటు ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. అద్దె అగ్రిమెంటు ఒక్కటే పట్టుకెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చేవాళ్లు చాలామంది. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ ఓ పట్టాన దొరకదు, గది ఖాయమైన రోజే బుక్ చేసేయండి. నమోదుకి ఒప్పుకోని యజమాని ఎంత చవగ్గా ఇచ్చినా ఆ గది వద్దు. నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, రెసిడెన్స్ పర్మిట్ ఫైలు కదలదు.

దీనికన్నా ఎక్కువమందిని ముంచేది పోస్టు డబ్బా. అక్కడ చాలా ఇళ్లకి ఫ్లాట్ నంబర్లుండవు. పోస్టుమ్యాన్ పేరు చూసి ఉత్తరం వేస్తాడు. డబ్బా మీదా, బెల్ మీదా మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, 11 అంకెల పన్ను నంబరు ఆ డబ్బాలోకే వస్తాయి. మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు ముందుంటుంది, ఒకరికి చివర, ఇంకొకరికి ఆ గడే ఖాళీ. ఖాళీ ఉన్నవాళ్లు ఇక్కడుండగానే సరిచేయించుకోండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే డబ్బా మీద, అలాగే బ్యాంకులో. దిగిన రోజే కాగితం ముక్క మీద రాసి టేపుతో అంటించండి, ప్లేటు తరవాత చేయించుకోవచ్చు.

డబ్బు లెక్క చిన్నదే. అక్కడి ఖర్చులకని వీసా కోసం ముందే డబ్బు కట్టే బ్లాక్డ్ అకౌంట్లో వేసే 11,904 యూరోల్లోంచి నెలకి 992 చేతికొస్తాయి. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. నెలకి 18.36 యూరోలు. టీవీ లేదని పక్కన పడేయకండి, బాకీ పెరుగుతుంది. అయితే అది ఇంటికి ఒక్కటే, తలకొకటి కాదు. రూమ్మేటు కడుతుంటే అతని రుసుము ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది.

ఇక భాష. పాఠాలు ఇంగ్లీషులోనేగా అని ధీమాగా వెళ్తారు. నలుగురు తెలుగువాళ్లు ఒక ఫ్లాటు, పప్పూ అన్నం, రాత్రి పేకాట. మొదటి మూణ్ణెల్లు అది ప్రాణం నిలబెడుతుంది, కాదనను. ఏడాదైనా అందులోంచి బయటికి రాకపోతే మాత్రం ఉద్యోగం వెతికేటప్పుడు తెలుస్తుంది. పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్ల నివాసం, బీ1 స్థాయి జర్మన్, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడగలిగేంత, ఉండాలి. అది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుందని కూడా గుర్తుంచుకోండి. దానికి ఒక మెట్టు కిందిదైన ఏ2 ఇక్కడే పూర్తి చేసి వెళ్లండి. విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పని అనుమతి ఉంది. గోడౌన్‌లో పెట్టెలు మోస్తే నోరు తెరిచే పనుండదు. బేకరీ కౌంటర్లో గంటకి యాభైసార్లు తెరవాల్సిందే.

అక్కడ స్నేహాలు ఎక్కువగా సంఘాల్లో కుదురుతాయి. ఫెరైన్ అంటారు వాటిని. వాలీబాల్, పాట, తోటపని, ఆఖరికి మంటలార్పే దళం కూడా చాలా ఊళ్లలో స్వచ్ఛందంగా నడిచేదే. క్రికెట్ క్లబ్బుకి వెళ్తే సరదాగానే ఉంటుంది గానీ, చాలాచోట్ల వినబడేది హిందీ, ఉర్దూ. వాలీబాల్‌కి వెళ్లండి. ప్రతి వారం అదే రోజు, అదే గంట. మొదట్లో మాటలు అర్థం కావు, ఫరవాలేదు. పావుగంట ముందెళ్లి నెట్టు కట్టండి, ఆట అయ్యాక మడతపెట్టండి. రెండు వారాలు మానేస్తే మూడోవారం ఏమైందని అడుగుతారు. అక్కడ పరిచయం మొదలయ్యేది అలాగే.

పక్కింటివాళ్లతో పేచీ ఎక్కువగా శబ్దం మీదే. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా నిశ్శబ్దం, ఆదివారం రోజంతా. ఇడ్లీ పిండి శనివారమే రుబ్బేసుకోండి, మిక్సీ కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి. ఆదివారం దుకాణాలు కూడా మూసేస్తారు, కాబట్టి పాలూ పెరుగూ ముందురోజే.

అమ్మానాన్నలకి ఒక్క మాట. చలికాలంలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా. డిసెంబరులో బెర్లిన్‌లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, బెంగ పట్టుకునే వేళ అదే. మీరు రాత్రి పదిన్నరకి రోజూ వీడియో కాల్ చేస్తే, అక్కడ సాయంత్రం ఆరు. సంఘాల్లో ఆటలు మొదలయ్యే సమయం. మీ ఫోన్ కోసం పిల్లలు గదిలోనే ఉండిపోతారు. ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా గంటసేపు మాట్లాడండి. మిగతా రోజుల్లో బాగున్నామని చిన్న మెసేజ్ చాలు.

ఇక ప్రశ్నలు అడగండి. ప్రయాణం తేదీ దగ్గరపడ్డవాళ్లు ముందు.